పిల్ల పడుకున్నాక బయల్దేరే బస్సు

నారాయణపేట, మద్దూరు, కోస్గి చుట్టుపక్కల ఊళ్లలో, వలస పోయే ఇళ్లల్లో ఒక అలవాటు ఉంది. చిన్నపిల్లను అవ్వ దగ్గర విడిచిపెట్టి పోవాల్సి వస్తే తల్లి ఆ పిల్ల నిద్రపోయేదాకా ఆగుతుంది. పిల్ల కంట పడకుండా సంచులు ముందే పక్కింట్లో పెట్టి ఉంచుతారు. కళ్లు మూతపడ్డాక, పిల్ల గుప్పిట్లో ఉన్న కొంగును మెల్లగా విడిపించుకుని, ముంబై బస్సో పూణే జీపో అందుకోవడానికి రోడ్డు మీదికి నడుస్తారు. పొద్దున లేచిన పిల్ల "అమ్మ ఏడికి పోయింది?" అని అడిగితే అవ్వ "బాయి కాడికి పోయింది, వస్తది" అంటుంది. మధ్యాహ్నం అడిగినా అదే మాట, మాపటికి అడిగినా అదే మాట. మూడో రోజుకు పిల్ల అడగడం మానేస్తుంది. "సూడు, మరిచిపాయె. పిల్లలదేముంది" అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు.

నేను ఈ వైపు సర్కారు బడుల్లో ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెబుతున్నాను. ఆ మూడో రోజు నిశ్శబ్దాన్ని మరుపు అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. పెంపకం గురించి మాట్లాడమంటే మనం మామూలుగా రెండు మాటల దగ్గరే తిరుగుతాం. ఒకటి గారాబం, రెండోది భయం. గారాబం ఎక్కువైతే చెడిపోతారని, భయం ఉంటే దారిలో ఉంటారని. ఇక తిండి పెట్టి ఫీజు కట్టేస్తే తల్లిదండ్రుల వంతు అయిపోయినట్టే లెక్క. పిల్లల ఎదుగుదల మీద డెబ్బై, ఎనభై ఏళ్లుగా జరిగిన పరిశోధనను కాస్త ఓపికగా చదివితే అందులో ఎక్కువ భాగం వేరే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. పిలిస్తే పలికే మనిషి ఒకరున్నారా? పలుకుతారన్న ధైర్యం పిల్లకు ఉందా? నాకు ఈ సంగతి పుస్తకాల్లో కన్నా ముందు నేను అద్దెకున్న ఇంటి పక్క వాకిట్లో అర్థమైంది.

మూడో రోజు ఏమవుతుంది

ఆ వాకిట్లో మూడేళ్ల పిల్ల అవ్వతో ఉండేది. తల్లిదండ్రులు పూణేలో బిల్డింగు పనిలో ఉండేవాళ్లు. దసరాకు వచ్చారు. తల్లి గడపలో సంచి దించి రెండు చేతులూ చాపింది. పిల్ల రాలేదు. అవ్వ కుచ్చిళ్ల వెనక్కి పోయి, ఒక కన్నుతో మాత్రం చూసింది. "నన్నే మరిచినవానే?" అని తల్లి నవ్వబోయి ఏడ్చేసింది. కొత్త గౌను ఇస్తే తీసుకుంది, మళ్లీ అవ్వ దగ్గరికే పోయింది. రెండో రోజు రాత్రి ఎవరూ పిలవకుండానే వచ్చి తల్లి పక్కన పడుకుంది. ఇక అక్కడి నుంచి అసలు కథ మొదలైంది. ఆ పిల్ల నిద్రపోవడం మానేసింది. కళ్లు వాలిపోతున్నా ఉలిక్కిపడి లేచి, తల్లి కొంగు ఉందో లేదో తడిమి చూసుకునేది. "ఏమో సారూ, గాలి సోకినట్టున్నది, రాత్రంత పండది" అని అవ్వ తాయెత్తు కట్టించింది. గాలీ లేదు, ధూళీ లేదు. తను నిద్రపోతే అమ్మ మాయమవుతుందని ఆ పిల్ల ఒక్కసారికే నేర్చుకుంది. మూడేళ్ల బుర్రకు అది చాలా చక్కని లెక్క.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి రోజుల్లో లండన్ ఆస్పత్రుల్లో ఇలాంటిదే చూశారు. అప్పట్లో అక్కడి పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను సరిగా రానిచ్చేవారు కాదు. వస్తే పిల్లలు ఏడుస్తారని, పోయాక ఇంకా ఎక్కువ ఏడుస్తారని. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఆ వార్డుల్లో గంటల తరబడి కూర్చుని గమనించాడు. పిల్ల మొదట గొంతు చించుకుని ఏడుస్తుంది, తలుపు వైపే చూస్తుంది. తర్వాత దిగులుపడి ముడుచుకుపోతుంది. ఆ తర్వాత కుదురుకున్నట్టు కనిపిస్తుంది. తింటుంది, ఆడుకుంటుంది, నర్సులను చూసి నవ్వుతుంది. నర్సులు సంతోషించేవారు. తీరా తల్లి వస్తే ఆ పిల్ల ఎవరో కొత్త మనిషిని చూసినట్టు ముఖం తిప్పుకునేది. రాబర్ట్‌సన్, ఆయనతో కలిసి పని చేసిన మనోవైద్యుడు జాన్ బౌల్బీ ఈ మూడో దశను కోలుకోవడంగా ఒప్పుకోలేదు. ఎంత పిలిచినా రాని మనిషి మీద ఆశ తెంచుకోవడమే అది అన్నారు. బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదిక, రాబర్ట్‌సన్ తీసిన సినిమాలు పెద్ద దుమారమే లేపాయి. 1959లో బ్రిటన్ ప్రభుత్వ కమిటీ ఒకటి తల్లిదండ్రులను వార్డుల్లోకి రానివ్వాలని సిఫారసు చేసింది. ఇప్పుడు పిల్ల మంచం పక్కన తల్లి కూర్చోవడం మనకు మామూలు సంగతిలా కనిపిస్తుంది. దాని వెనక అంత గొడవ నడిచింది.

బౌల్బీ బృందంలో పని చేసిన మేరీ ఐన్స్‌వర్త్ 1954-55లో ఉగాండా పల్లెల్లో పసిపిల్లలను గమనించింది. తర్వాత అమెరికాలో ఒక చిన్న ప్రయోగం రూపొందించింది. ఏడాది, ఏడాదిన్నర పిల్లను బొమ్మలున్న కొత్త గదిలో తల్లితో కూర్చోబెడతారు. తల్లి కాసేపు బయటికి పోయి తిరిగి వస్తుంది. తల్లి పోయినప్పుడు పిల్ల ఎంత ఏడ్చిందన్నది ఆమె లెక్కలో అంత ముఖ్యం కాదు. తిరిగి వచ్చినప్పుడు ఏం చేసిందన్నదే కీలకం. కొందరు పరుగున వచ్చి చంకెక్కి, కాసేపటికి ఊరుకుని, మళ్లీ బొమ్మల దగ్గరికి పోతారు. కొందరు వచ్చినా పట్టించుకోనట్టు ఉంటారు. ఇంకొందరు చంకెక్కుతారు, ఎక్కి తల్లినే కొడతారు, దించితే ఏడుస్తారు. మొదటి రకం పిల్లలకు తల్లి ఒక ఆధారం. అక్కడి నుంచి బయల్దేరి లోకాన్ని చూసి, భయమేస్తే అక్కడికే తిరిగి వస్తారు. అమ్మను వదలని పిల్ల పిరికిదవుతుందని మనవాళ్లు భయపడతారు గానీ, వెనక ఆధారం ఉందన్న ధైర్యం ఉన్న పిల్లలే దూరం పోగలిగారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే పొరపాటవుతుంది. బౌల్బీ తొలి రాతలను పట్టుకుని చాలామంది "తల్లి పక్కన లేకపోతే పిల్ల జీవితం అంతే" అని ప్రచారం చేశారు. ఉద్యోగాలు చేసే ఆడవాళ్ల మీద అది బాగా పని చేసిన కర్ర. తర్వాతి పరిశోధన ఆ మాటను నిలబెట్టలేదు. పిల్లలు ఒక్కరితోనే కాదు, ముగ్గురు నలుగురితో గట్టి బంధం కట్టుకోగలరు. ఐన్స్‌వర్త్ ఉగాండాలో చూసిన పసిపిల్లలు తండ్రితో, అవ్వతో, అక్కతో కూడా అలాగే ఉన్నారు. మన ఊళ్లల్లో అవ్వ ఒడి, చిన్నమ్మ చంక, పెద్దక్క వీపు అన్నీ లెక్కలోకి వచ్చేవే. మనిషి మారడం కన్నా, చెప్పాపెట్టకుండా మారడం పిల్లను ఎక్కువ కుదిపేస్తుంది.

మరి బతుకుదెరువుకు పోయేవాళ్లు ఏం చేయాలి? పోవడం మానమని చెప్పే హక్కు నాకు లేదు, నా జీతం నెల నెలా పడుతుంది. పోయేటప్పుడు చెప్పి పొమ్మని మాత్రం చెబుతాను. పిల్ల ఏడుస్తుంది, బస్సు దాకా వెంటపడుతుంది, చూసేవాళ్లకు కడుపు తరుక్కుపోతుంది. అయినా ఆ ఏడుపును ఓదార్చడానికి అవ్వ పక్కనే ఉంటుంది. మూడో రోజు మౌనాన్ని ఓదార్చేవాళ్లు ఎవరూ ఉండరు, అక్కడ ఏడుపు ఉందనే ఎవరికీ తెలియదు కాబట్టి. నాకు తెలిసిన ఒక తల్లి తన రెండు పాత చీరలు కలిపి బొంత కుట్టి పిల్లకు కప్పి పోయింది. "పీర్ల పండుగకు వస్త" అని చెప్పింది. పిల్లలకు తారీఖులు తెలియకపోయినా పండుగలు తెలుసు. ప్రతి ఆదివారం పొద్దుగూకే వేళకు ఫోన్ చేసింది. వారంలో ఏడు సార్లు ఎప్పుడు పడితే అప్పుడు చేసే ఫోన్ కన్నా, ఒక్కసారే అయినా చెప్పిన వేళకు వచ్చే ఫోన్ పిల్లకు ఎక్కువ బలం.

ఊ కొట్టడం

అవ్వ కథ చెబుతుంటే పిల్లలు ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే అవ్వ కథ ఆపేస్తుంది. మాటలు రాని పసిపిల్ల విషయంలో ఇది తిరగబడుతుంది. పిల్ల "ఉంగా" అంటుంది, పెద్దవాళ్లు ఊ కొట్టాలి. పిల్ల చెయ్యి చూపిస్తే అటు చూడాలి, నవ్వితే నవ్వాలి. చూడ్డానికి పనికిమాలిన ముచ్చటలా ఉంటుంది గానీ, మాట, ఆలోచన, ఎదుటివారి మనసు పసిగట్టే తెలివి మొదలయ్యేది ఇక్కడే. పుట్టిన మొదటి రెండు మూడేళ్లలో మెదడులో కణాల మధ్య దారులు మహా వేగంగా పడతాయి. నడిచిన దారి గట్టిపడుతుంది, నడవని దారి మూసుకుపోతుంది. ఈ ఊ కొట్టడమే ఆ నడక.

ఊ కొట్టడం ఆగిపోతే ఏమవుతుందో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1970ల్లో చూపించాడు. కొన్ని నెలల బిడ్డ ఎదురుగా తల్లి కూర్చుని కాసేపు ఆడిస్తుంది. తర్వాత రెండు మూడు నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా, మాట్లాడకుండా బిడ్డ వైపు ఊరికే చూస్తుంది. బిడ్డ మొదట నవ్వుతుంది, చేతులు ఆడిస్తుంది, అరుస్తుంది. ఏదీ పని చేయకపోతే ముఖం పక్కకు తిప్పుకుని కుంగిపోతుంది. కొట్టలేదు, తిట్టలేదు, ఆకలితో ఉంచలేదు. పలకలేదు, అంతే.

ఈ ప్రయోగం చదివినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది సెల్‌ఫోన్. పిల్ల "నాయినా ఇగో సూడు" అంటుంటే తండ్రి రీల్స్ చూస్తూ "ఆఁ" అంటాడు, ముఖం కదలదు. మనం పిల్లల చేతిలో ఫోన్ గురించి గంటలు గంటలు మాట్లాడతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దని, 2 నుంచి 4 ఏళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని చెప్పింది. పెద్దవాళ్ల చేతిలో ఫోన్ గురించి మాత్రం ఇంట్లో ఎవరూ మాట్లాడరు. (నా మీద కూడా ఈ ఫిర్యాదు మా ఇంట్లో పెండింగులో ఉంది.)

ట్రానిక్ పనిలో తల్లిదండ్రులకు ఊరటనిచ్చే భాగం కూడా ఉంది. మంచి తల్లులు కూడా బిడ్డతో సరిగ్గా శ్రుతి కలిసేది దాదాపు మూడో వంతు సమయమేనట. మిగతా సమయమంతా శ్రుతి తప్పడం, మళ్లీ సర్దుకోవడం. బిడ్డ నవ్వితే తల్లి పొయ్యి వైపు చూస్తుంటుంది, బిడ్డ కేకేస్తుంది, తల్లి తిరిగి చూస్తుంది. ఈ సర్దుకోవడంలోనే బిడ్డ అసలు పాఠం నేర్చుకుంటుంది: తెగినా మళ్లీ అతుక్కుంటుంది అని. అందుకే రోజంతా పిల్ల ముఖంలోకి చూస్తూ కూర్చోవాలని ఎవరూ బెంబేలు పడనక్కర్లేదు. పత్తి ఏరుతూ కూడా ఊ కొట్టొచ్చు.

బండి చప్పుడు

ఏడో తరగతి పిల్లాడు ఒకడు ఒకసారి నాతో అన్నాడు, వాళ్ల నాయిన బండి సందు మలుపు తిరిగేటప్పుడు వచ్చే చప్పుడును బట్టి ఆ రాత్రి ఎట్లా ఉంటుందో చెప్పగలనని. గేరు సరిగా పడితే తాగలేదు. బండి గుర్రుమంటూ ఆగి ఆగి వస్తే తాగాడు. తాగితే చెల్లెను తీసుకుని మిద్దె మీదికి పోవాలి. ఇదంతా పెద్ద విశేషమేమీ కానట్టు, లెక్క అప్పజెప్పినట్టు చెప్పాడు. వాడికి క్లాసులో చదువు ఎక్కదు. ఎక్కడో తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడి చూస్తాడు. "ధ్యాస ఉండదు" అని వాడి ప్రోగ్రెస్ కార్డులో రాసింది నేనే. వాడికి ధ్యాస లేకపోవడమేమిటి, మాకెవరికీ లేనంత ధ్యాస ఉంది. అదంతా బండి చప్పుడు మీద ఖర్చయిపోతోంది. ప్రమాదం ఎటు నుంచి వస్తుందో కనిపెట్టుకుని ఉండే ఒంట్లో టెన్షన్ దిగదు. అలాంటి బుర్రలోకి భిన్నాలు, సమీకరణాలు ఎక్కాలంటే కష్టమే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో నూటికి 43 మంది మద్యం తాగుతారు. కాబట్టి ఆ పిల్లాడి ఇల్లు అరుదైన ఇల్లేమీ కాదు. ఇంగ్లండ్ మనోవైద్యుడు మైకేల్ రట్టర్ 1970ల్లో బౌల్బీ వాదనను తిరిగి పరిశీలించి ఒక ముఖ్యమైన సవరణ చేశాడు. పిల్లలు దారి తప్పడంలో తల్లిదండ్రులకు దూరమవడం కన్నా, ఆ దూరానికి ముందూ వెనకా ఇంట్లో నడిచే గొడవల పాత్రే ఎక్కువని తేల్చాడు. అయితే గొడవ పడని ఇల్లు ఎక్కడుంది? గొడవ పిల్లల కళ్ల ముందు ఎట్లా ముగిసిందన్నది ముఖ్యమని తర్వాతి వాళ్లు చూపించారు. పిల్లల ముందే అరుచుకుని, రాజీ మాత్రం పిల్లలు పడుకున్నాక పడతాం. పిల్లలకు సగం కథే తెలుస్తుంది, అదీ చెడ్డ సగం. పొద్దున "రాత్రి నేనే ఎక్కువ మాట్లాడిన" అని ఒక్క మాట పిల్లల చెవిన పడేట్టు అంటే రెండో సగం కూడా అందుతుంది.

ఈ గొడవలు గాల్లోంచి ఊడిపడవు. 1980ల్లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో రైతులు అప్పుల్లో కూరుకుపోయారు, భూముల ధరలు పడిపోయాయి, పొలాలు వేలానికి వచ్చాయి. ర్యాండ్ కాంగర్ బృందం 1989 నుంచి అక్కడి 451 పల్లె కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించింది. వాళ్లు చెప్పిన వరస మర్రిగూడ రైతుకో, అచ్చంపేట రైతుకో కొత్తగా అనిపించదు. పైసలు లేకపోవడం నేరుగా పిల్లల మీద పడదు. ముందు తల్లిదండ్రుల మనసు కుంగుతుంది. కుంగిన మనసు మొగుడూ పెళ్లాల మధ్య చిటపటలవుతుంది. ఆ చిటపటలు పిల్లల మీద కసురుగా, దెబ్బలుగా దిగుతాయి. కసిరిన వారం తర్వాత పిల్ల బడి మానేస్తుంది. బోరు ఎండిపోయిన సంగతికీ పిల్ల బడి మానేసిన సంగతికీ మధ్య ఇన్ని మెట్లున్నాయి. ఈ మెట్ల వరస ఎక్కడైనా తెగొచ్చు. అయోవాలో కష్టం వచ్చినప్పుడు ఒకరికొకరు ఆసరాగా నిలిచిన దంపతుల ఇళ్లలో అది మధ్యలోనే తెగింది.

అందుకే పెంపకం మీద ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లను చూస్తే నాకు కొంచెం చిరాకు. ఉపాధి హామీ పని 2006లో మొదటి విడతలోనే పాలమూరుకు వచ్చింది. ఊళ్లో పని దొరికి, కూలి వేళకు పడిన సంవత్సరం కొన్ని ఇళ్లల్లో తల్లులు ఆగిపోయారు. ఆ ఇళ్ల పిల్లలకు "నాణ్యమైన సమయం ఇవ్వండి" అని ఎవరూ క్లాసు పీకలేదు, అమ్మ ఊళ్లో ఉంది, అంతే. అంగన్‌వాడీ టీచరుకు జీతం వేళకు రావడం, ఊరికి బస్సు వేళకు రావడం కూడా పిల్లల పెంపకం కిందికే వస్తాయని నా అభిప్రాయం.

"కండ్లిడిసి కొట్టుండ్రి"

ప్రతి జూన్‌లో పిల్లను బడిలో వేస్తూ కనీసం నలుగురు తండ్రులు ఈ మాట అంటారు: "సారూ, కండ్లిడిసి ఎక్కడైన కొట్టుండ్రి, సదువు రావాలె." ఆ మాటలో క్రూరత్వం లేదు. తనకు రాని చదువు కొడుక్కి రావాలన్న ఆరాటం, దాన్ని నా చేతుల్లో పెడుతున్న నమ్మకం ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో దెబ్బలను నిషేధించిందని చెబితే "గందుకే ఇప్పటోళ్లకు భయం లేదు" అని నవ్వుతారు. "మమ్మల్ని కొట్టలేదా? మేం చెడిపోయినమా?" అన్నది తర్వాతి ప్రశ్న.

ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. ఎలిజబెత్ గెర్షాఫ్, మరో పరిశోధకుడు 2016లో 75 అధ్యయనాలను కలిపి చూశారు. అందులో 1,60,000 మందికి పైగా పిల్లల వివరాలున్నాయి. చేత్తో కొట్టే మామూలు దెబ్బల గురించే చూసినా, దెబ్బలు తినే పిల్లల్లో మొండితనం, కొట్లాటలు, దిగులు, తల్లిదండ్రులతో ఎడం ఎక్కువగా కనిపించాయి. మేలు కనిపించలేదు. అట్లని ప్రతి దెబ్బా ప్రతి పిల్లనూ పాడు చేస్తుందని దాని అర్థం కాదు. ఇవి సగటు లెక్కలు, తేడాలు కూడా మరీ పెద్దవి కావు. మొండి పిల్లలకు దెబ్బలు ఎక్కువ పడతాయన్నది కూడా నిజమే కాబట్టి ఏది ముందు, ఏది వెనక అని విడదీయడం కష్టం. 2005లో జెనిఫర్ లాన్స్‌ఫర్డ్ బృందం భారతదేశంతో సహా ఆరు దేశాల్లో ఇంకో సంగతి చూసింది. దెబ్బలు అందరి ఇళ్లల్లో మామూలైన చోట పిల్లలు వాటిని "అమ్మకు నేను ఇష్టం లేదు" అని తీసుకోవడం తక్కువ, అందుకే నష్టమూ తక్కువ. తక్కువే, లేకపోలేదు. "మేం చెడిపోయినమా" అనే తండ్రి సగం నిజం చెబుతున్నాడు. ఆయన్ను నిలబెట్టింది మాత్రం దెబ్బ కాదు, కొట్టిన రాత్రి నిద్రలో ఉన్నాడనుకుని వీపు నిమిరిన చెయ్యి. ఆ చెయ్యిని దాచిపెట్టి దెబ్బను మాత్రం వారసత్వంగా ఇస్తున్నాం.

గారాబమా భయమా అనే లెక్కే తప్పని మనస్తత్వవేత్త డయానా బౌమ్‌రిండ్ 1960ల్లోనే చెప్పింది. ప్రేమ ఒక కొలత, కట్టుబాటు ఇంకో కొలత, ఒకటి పెరిగితే రెండోది తగ్గాలని లేదు. రెండూ నిండుగా ఉన్న ఇళ్ల పిల్లలు సగటున బాగున్నారు. ఇదేదో అమెరికా నుంచి దిగిన కొత్త సంగతి కాదు. మా ఊరి కిరాణా కొట్టు ఆమె కొడుకును రాత్రి ఎనిమిది తర్వాత గడప దాటనివ్వదు. ఎందుకు దాటనివ్వదో వాడికి చెబుతుంది, వాడు వాదిస్తే వింటుంది, జాతర రోజు పదింటి దాకా ఒప్పుకుంటుంది. ఆమెకు బౌమ్‌రిండ్ ఎవరో తెలియదు.

చెప్పే పిల్లలు, చెప్పని పిల్లలు

పిల్లలు పెద్దవాళ్లవుతున్న కొద్దీ తల్లిదండ్రుల టెన్షన్ రూపం మారుతుంది. ఫోన్ లాక్కోవడం, బ్యాగు వెతకడం, స్నేహితుల్ని ఆరా తీయడం మొదలవుతుంది. నిఘా ఉంటే దారి తప్పరని నమ్మకం. స్వీడన్‌లో హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 2000లో 14 ఏళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనం ఈ నమ్మకాన్ని గట్టిగానే కదిలించింది. పిల్లలు ఎక్కడున్నారో, ఎవరితో ఉన్నారో తెలిసిన తల్లిదండ్రుల పిల్లలు తప్పుదారి పట్టడం తక్కువే. అయితే వాళ్లకు ఎట్లా తెలిసిందని తవ్వి చూస్తే నిఘా వల్ల తెలిసింది కొంచెమే. ఎక్కువ భాగం పిల్లలు తామే వచ్చి చెప్పడం వల్ల తెలిసింది. అంటే అడగాల్సిన ప్రశ్న పిల్లలు ఎందుకు చెబుతారు, ఎందుకు చెప్పరు అన్నది.

ఎందుకు చెప్పరో మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు బాగా తెలుసు. బస్టాండు దగ్గర ఒకడు రోజూ వెంటపడుతున్నాడని ఇంట్లో చెబితే ఏమవుతుంది? వాణ్ని ఎవరూ ఏమీ అనరు. ఈ పిల్లకు బడి బంద్. ఆ తర్వాత ఎండాకాలంలో సంబంధాలు చూస్తారు. కాబట్టి చెప్పదు. తల వంచుకుని, వేరే సందులోంచి, ఒంటరిగా నడుస్తుంది. ముందు చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారమే తెలంగాణలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 23 మందికి పైగా 18 నిండకముందే పెళ్లయింది. ఈ పెళ్లిళ్లలో పేదరికం, కట్నం లెక్కలు ఉన్నాయి, నిజమే. భయపడి తొందరపడిన తండ్రులూ చాలామంది ఉన్నారు. ఒకసారి ఒక పిల్ల ధైర్యం చేసి చెప్పింది. తండ్రి అరవలేదు. "రేపటి సంది నేనొస్త" అన్నాడు. నెల రోజులు కూలికి పోయే ముందు బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా బీడీ తాగుతూ నిలబడ్డాడు. ఆ పిల్ల తర్వాత ఇంకేమేం చెప్పిందో నాకు తెలియదు గానీ, చెప్పి ఉంటుందని నా అనుమానం.

పదహారు, పదిహేడేళ్ల వయసులో మెదడులో ఉద్రేకపు భాగం ముందు పరుగెడుతుంది, పగ్గాలు పట్టే ముందుభాగం పాతికేళ్ల దాకా పక్వానికి వస్తూనే ఉంటుంది. మనం సరిగ్గా ఆ వయసులోనే పిల్లల్ని హైదరాబాద్ హాస్టళ్లలో వేసి, పొద్దున అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా ఇంటర్ చదివించి, ఆదివారం ఫోన్‌లో "మార్కులెన్ని?" అని అడుగుతాం. ఇంటికి ఫోన్ చేయడమంటే మార్కులు చెప్పడమే అయిపోయాక, మార్కులు తగ్గిన వారం పిల్లాడు ఎవరికి ఫోన్ చేయాలి? 2019లో ఇంటర్ ఫలితాల తర్వాత తెలంగాణ ఎంతమంది పిల్లల్ని పోగొట్టుకుందో మనందరికీ గుర్తుంది. "ఏం తిన్నవ్, పక్క మంచం పిల్లగాడు ఇంకా గురక పెడుతుండా" అని మొదలయ్యే ఫోన్‌లోనే "నాకిక్కడ చాతనైతలేదు" అన్న మాట కూడా బయటికి వస్తుంది. ఆ మాట వచ్చిన రోజు మార్కుల సంగతి పక్కన పెట్టి బస్సెక్కాలి. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని పిల్లల కోసం టెలి మానస్ 14416, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్లు ఉన్నాయి, ఫోన్ ఉచితం. మా బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం.

చెరుకు తోటల పిల్లలు

ఇంత చదివాక వలస ఇళ్ల పిల్లల గతి ఇంతేనా అనిపించొచ్చు. నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు పునాది రాయి పడింది 1955లో. అదే ఏడాది హవాయిలోని కవాయి అనే చిన్న దీవిలో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ బృందం లెక్కలోకి తీసుకుని, వాళ్లకు నలభై ఏళ్లు వచ్చేదాకా వెంబడించింది. వాళ్లలో చాలామంది చెరుకు తోటల కూలీల పిల్లలు. తాతల కాలంలో జపాన్ నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు. అందులో పేదరికం, ఇంట్లో తాగుడు, గొడవలు, తల్లిదండ్రుల మానసిక జబ్బు లాంటివి నాలుగైదు కలిసి మీద పడ్డ పిల్లలు 201 మంది. వీళ్లలో మూడింట రెండు వంతుల మంది చదువులోనో, నడతలోనో ఇబ్బంది పడ్డారు. మిగతా 72 మంది ఏ గొడవా లేకుండా, పని చేసుకుంటూ, మనుషులతో కలిసి బతికే పెద్దవాళ్లయ్యారు. ఇబ్బంది పడ్డవాళ్లలో కూడా చాలామంది ముప్పై దాటేసరికి కుదుటపడ్డారు.

ఆ 72 మందిలో ఏముందని చూస్తే మనకు బాగా తెలిసిన మనుషులే కనిపిస్తారు. ఎవరో ఒకరు, తల్లి కాకపోతే అవ్వ, అవ్వ కాకపోతే పెద్దక్క, లేదంటే మేనమామ, పిల్లను గట్టిగా పట్టుకున్నారు. కొందరికి ఒక టీచరు ఉన్నారు. చాలామందికి చిన్నప్పుడే ఇంట్లో ఒక పని ఉంది, తమ్ముణ్ని చూసుకోవడమో, వంటలో సాయమో. తను చేయకపోతే ఇల్లు నడవదన్న బరువు వాళ్లను నిలబెట్టింది. ఈ చివరి మాట జాగ్రత్తగా చెప్పాలి. గద్వాల వైపు సీడు పత్తి చేలల్లో క్రాసింగ్‌కు, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే పనికి, పొద్దున్నే లేచి పోయే పిల్లల బరువు వేరు, అది బడిని మింగేస్తుంది. బడి నుంచి వచ్చి మేకకు ఆకు వేసే బరువు వేరు.

బండి చప్పుడు పిల్లాడికి వాళ్ల మేనమామ దొరికాడు. కురుమూర్తి జాతరకు వచ్చిన ఆయన అక్క ముఖం చూసి రెండు రోజులు ఎక్కువ ఆగాడు, ఆ తర్వాత నెలకోసారి రావడం మొదలుపెట్టాడు. బావతో తగాదా పెట్టుకోలేదు, పొద్దున పూట ఆయన్ను వెంట బెట్టుకుని బాయి కాడికి పోయేవాడు. తాగుడు మానలేదు, కొంచెం తగ్గింది. పిల్లాడు ఇప్పుడు పదో తరగతి. లెక్కల్లో ఇంకా వెనకే ఉన్నాడు. మొన్న క్లాసులో నేను చెబుతుండగా బయట ఏదో బండి గుర్రుమని ఆగింది. వాడు తలెత్తి కిటికీ వైపు చూశాడు, మళ్లీ నోటుబుక్కులోకి చూశాడు.